పాత యుద్ధవిమానం యాడాన్ కొంటున్నారా? అసలుదాన్ని ఇలా పోల్చుకోండి

రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌లో ఫ్లాప్స్‌కి, అంటే రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలకి, రెండే స్థానాలు. పూర్తిగా పైకి, లేదంటే పూర్తిగా కిందికి. గాలి ఒత్తిడితో పనిచేసే చిన్న మీట అటో ఇటో వేయడమే తప్ప మధ్యలో ఆపే వీలు లేదు. ఈ సంగతి తెలియని రోజుల్లో నా కంప్యూటర్‌లోని ఫ్లైట్ సిమ్యులేటర్ (సిమ్) కోసం మొదటి యాడాన్ కొన్నాను. యాడాన్ అంటే సిమ్‌కి విడిగా చేర్చుకునే విమానం. అందులో ఫ్లాప్స్ మూడు మెట్లుగా దిగేవి. రంగులు అద్భుతంగా ఉండేవి, రెక్క మీద రివెట్లు లెక్కపెట్టుకోవచ్చు. రెండు నెలలు సంబరంగా నడిపాను. ఒక రాత్రి ఆ విమానం పాత మాన్యువల్ చదువుతూ ఫ్లాప్స్ పేజీ దగ్గర ఆగిపోయాను. నేను ఇన్నాళ్లూ నడిపింది స్పిట్‌ఫైర్ చొక్కా తొడుక్కున్న వేరే ఏదో విమానం. అప్పటికి డబ్బు వెనక్కి అడిగే గడువు దాటిపోయింది.

మాది జయపురం. ఇక్కడ మనవాళ్లకి బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు, సిమ్ మెనూల్లో ఇంగ్లీషు. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి ఈ సరదా పట్టుకున్న కుర్రాళ్లు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, ఏ విమానం కొనమంటావు?" వాళ్లకి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. యాడాన్ అసలుతనం దాని అందంలో తెలియదు. మీరు తప్పు చేసినప్పుడు అది ఏం చేస్తుందో చూడండి, అక్కడ తెలుస్తుంది. అసలు విమానం ఏ తప్పుకి ఏ శిక్ష వేసేదో, యాడాన్ కూడా అదే శిక్ష వేయాలి.

ముందు విమానం పేరు, మార్కుతో సహా

"స్పిట్‌ఫైర్ కావాలి" అంటే సరిపోదు. 1936 మార్చి 5న మొదటిసారి గాల్లోకి లేచిన ఆ విమానం యుద్ధం ముగిసేసరికి ఎన్నో మార్కులుగా, అంటే వెర్షన్లుగా మారింది. మార్కు మారితే ఇంజిన్ మారుతుంది, నడక మారుతుంది. మార్క్ 9లో ఉండేది మెర్లిన్ ఇంజిన్. కాక్‌పిట్‌లోంచి చూస్తే దాని ప్రొపెల్లర్ కుడివైపుకి, అంటే గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది. అందుకే టేకాఫ్‌లో ముక్కు ఎడమకి లాగుతుంది, కుడి రడ్డర్ పెడల్ (తోక మీది చుక్కానిని తిప్పేది) తొక్కి పట్టుకోవాలి. మార్క్ 14లో గ్రిఫన్ ఇంజిన్. అది ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి ముక్కు కుడికి లాగుతుంది. మార్క్ 9కి అలవాటుపడ్డ కాలు మార్క్ 14 ఎక్కగానే తప్పు పెడల్ తొక్కుతుంది. కొనబోయే పేజీలో మార్కు ఏదో స్పష్టంగా రాయకపోతే నేను ఆ పేజీ అక్కడే మూసేస్తాను.

ఏ విమానం అన్నది మాత్రం మీ మనసు చెప్పాలి. మన ప్రాంతానికి ఈ విమానాలతో ఉన్న బంధం చిన్నదేమీ కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత యుద్ధకాలంలోనే మన ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా అమర్దా రోడ్ ఎయిర్‌ఫీల్డ్‌లో ఫైటర్ పైలట్లకి గాలిపోరు నేర్పే శిక్షణ కేంద్రం నడిచింది. బర్మా వైపు వెళ్లే హరికేన్, స్పిట్‌ఫైర్ పైలట్లు అక్కడ రాటుదేలారు. భారత వైమానిక దళం హరికేన్లతో బర్మా సరిహద్దులో పోరాడింది, 1944 నుంచి స్పిట్‌ఫైర్లు కూడా నడిపింది. ఢిల్లీ పాలం మ్యూజియానికి వెళ్లే వీలుంటే ఈ రెండింటినీ దగ్గరగా చూడొచ్చు.

ఇక కోరాపుట్ జిల్లాలో ఉన్నవాళ్లకి మిగ్-21 ఇంటి విమానం లాంటిది. సునాబేడాలోని హెచ్‌ఏఎల్ ఇంజిన్ ఫ్యాక్టరీ 1964లో మిగ్ ఇంజిన్ల కోసమే మొదలైంది. మిగ్-21కి వాడిన ఆర్-11 ఇంజిన్లు, తర్వాత ఆర్-25 ఇంజిన్లు అక్కడ తయారయ్యాయి. 1963లో మన దళంలోకి వచ్చిన ఆ విమానం 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో రిటైరైంది. ఇప్పుడు అది కూడా పాతకాలపు విమానమే. మా పెదనాన్న సునాబేడాలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన సంగతి మళ్లీ వస్తుంది.

తర్వాత సిమ్

విమానం తేలాక, అది ఏ సిమ్‌లో దొరుకుతుందో చూడండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఉన్న సిమ్‌లో ఏది దొరికితే అది కొనేసి తర్వాత బాధపడతారు.

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ప్రపంచమంతా ఉంటుంది, మన దేవమాలి కొండతో సహా. ఫ్లయింగ్‌ఐరన్ వాళ్ల స్పిట్‌ఫైర్ మార్క్ 9, పీ-47, బీఎఫ్ 109 జీ-6 దీనికోసం వచ్చినవే. ఇందులో తుపాకులు పేలవు. విమానాన్ని విమానంగా నడపడం మీకు ఇష్టమైతే అది లోటుగా అనిపించదు. ఒక జాగ్రత్త: 2020 వెర్షన్‌కి చేసిన యాడాన్ 2024లో అన్ని విధాలా పనిచేస్తుందని అనుకోకండి. 2024 కోసం విడిగా సరిచేశారా అని అడిగి తెలుసుకోండి.

డీసీఎస్ వరల్డ్ అనే ఇంకో సిమ్‌లో పోరు ఉంది, లోతూ ఉంది. కాక్‌పిట్‌లో ప్రతి స్విచ్ మౌస్‌తో నొక్కొచ్చు. స్పిట్‌ఫైర్ ఎల్‌ఎఫ్ మార్క్ 9, పీ-51డీ మస్టాంగ్, పీ-47డీ, బీఎఫ్ 109 కే-4, మస్కిటో, మిగ్-15, మిగ్-21బిస్ అన్నీ దొరుకుతాయి. మన కొండలు మాత్రం ఇందులో ఉండవు, దీని మ్యాపుల్లో భారతదేశం లేదు. ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. ఎఫ్-86, మిగ్-15 లాంటివి రెండు రకాలుగా అమ్ముతారు. ఒకటి పూర్తి లోతుతో చేసిన మాడ్యూల్ (డీసీఎస్‌లో యాడాన్‌ని అలా అంటారు). ఇంకోటి ఫ్లేమింగ్ క్లిఫ్స్ 2024 అనే ప్యాక్‌లో ఉండే తేలిక రకం, అందులో స్విచ్‌లు నొక్కలేరు. బొమ్మ ఒకేలా ఉంటుంది, ధర తక్కువగా ఉంటుంది, కొనేస్తారు.

ఐఎల్-2 గ్రేట్ బ్యాటిల్స్ అనే మూడో సిమ్‌లో ఒక ప్యాక్ కొంటే పది విమానాల దాకా వస్తాయి. గాల్లో నడక, దెబ్బ తిన్నప్పుడు విమానం ప్రవర్తించే తీరు బాగా చేశారు. కానీ ఇంజిన్ స్టార్ట్ ఒక్క మీట నొక్కితే అదే అయిపోతుంది, స్విచ్‌లు ముట్టుకునే పని లేదు. పోరు మీద మనసుంటే ఇదే చాలు. నాకు మాత్రం స్టార్ట్‌కి ముందు ఇంజిన్‌లోకి కాస్త పెట్రోల్ పంపే ప్రైమర్ పంపు నా చేత్తో కొట్టాలనిపిస్తుంది.

అసలు మాన్యువల్ దగ్గర పెట్టుకోండి

ఈ మొత్తంలో నేను బతిమాలి చెప్పేది ఇదే. యాడాన్‌తో వచ్చే పీడీఎఫ్ కాదు, ఆ కాలంలో పైలట్ చేతికిచ్చిన అసలు పుస్తకం. బ్రిటిష్ విమానాలకి ఎయిర్ మినిస్ట్రీ వేసిన పైలట్స్ నోట్స్ ఉంటాయి, అమెరికా విమానాలకి ఫ్లైట్ మాన్యువల్స్ ఉంటాయి. స్కాన్ చేసినవి నెట్‌లో వెతికితే దొరుకుతాయి. స్పిట్‌ఫైర్ పుస్తకం చాలా చిన్నది, ఒక ఆదివారం చదివేయొచ్చు.

చదువుతూ ఒక నోట్‌బుక్‌లో పది వాక్యాలు రాసుకోండి. ప్రతి వాక్యం "ఇలా చేస్తే ఇలా అవుతుంది" అనే తీరులో ఉండాలి. అమెరికా ఫైటర్ పీ-51 మస్టాంగ్‌కి నేను రాసుకున్నవాటిలో కొన్ని చూడండి. స్టిక్ (విమానాన్ని నడిపే కర్ర) వెనక్కి లాగి ఉంచితే తోక చక్రం లాక్ అయ్యి అటు ఇటు 6 డిగ్రీలే తిరుగుతుంది, స్టిక్ ముందుకి తోస్తే లాక్ వదిలి పూర్తిగా తిరుగుతుంది. టేకాఫ్‌కి రడ్డర్ ట్రిమ్ (కాలి మీద భారం తగ్గించే సర్దుబాటు) కుడికి 6 డిగ్రీలు పెట్టాలి. పైలట్ సీటు వెనక ఉన్న 85 గ్యాలన్ల ట్యాంకు నిండుగా ఉంటే బరువు వెనక్కి జరిగి, తిప్పినప్పుడు మలుపు దానంతట అదే బిగుసుకుపోతుంది. 67 అంగుళాల (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలత) అత్యవసర శక్తి 5 నిమిషాలే వాడాలి. ఈ నాలుగూ యాడాన్‌లో పరీక్షించడానికి అరగంట పడుతుంది. నాలుగింట్లో రెండు తప్పినా నేను ఆ యాడాన్ వదిలేస్తాను.

డబ్బు పెట్టకుండా పరీక్ష

డీసీఎస్ బేస్ ఉచితం. దానితోపాటు తుపాకులు లేని టీఎఫ్-51డీ మస్టాంగ్ కూడా ఉచితంగా వస్తుంది. ఈ సరదా మీకు నిజంగా పడుతుందా అని తేల్చుకోవడానికి దానికన్నా మంచి దారి లేదు. పైన చెప్పిన తోక చక్రం పరీక్ష దానిలోనే చేసి చూడండి. మిగతా మాడ్యూళ్లని 14 రోజులు ఉచితంగా వాడుకోనిస్తారు. కానీ స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ అంగడి నుంచి కాకుండా వాళ్ల సొంత సైట్ నుంచి దించుకున్న వెర్షన్‌లోనే. స్టీమ్‌లో యాడాన్ కొంటే 14 రోజుల్లోపు, కొన్న తర్వాత అసలు గేమ్ ఆడింది 2 గంటలు దాటకముందే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆ రెండు గంటలూ ఏం చేయాలో ముందే కాగితం మీద రాసుకోండి. వేరే అంగళ్లలో కొంటుంటే వాళ్ల రిఫండ్ నియమం కొనే ముందే చదవండి. నేను చదవలేదు.

డీసీఎస్ డౌన్‌లోడ్ పెద్దది, వంద జీబీ దాటుతుంది. రాత్రి పెట్టి పడుకోండి, కంప్యూటర్ యూపీఎస్ మీద ఉండాలి. వేసవిలో సాయంత్రం గాలివానకి కరెంట్ పోతే సగంలో ఆగిన ఫైళ్లు పాడై, తర్వాత తప్పు యాడాన్‌దో ఫైల్‌దో తేలక తల పట్టుకుంటారు.

వీడియోలు చూసి కొనేవాళ్లకి ఒక సలహా. సూర్యాస్తమయంలో సముద్రం మీద ఎగిరే వీడియోలు వదిలేయండి. చల్లారిన ఇంజిన్ స్టార్ట్ చేయడం దగ్గర్నుంచి దిగి ఇంజిన్ ఆపేదాకా కత్తిరించకుండా చూపించేది ఒకటి వెతకండి. చూసేటప్పుడు కళ్లు గేజ్‌ల మీద పెట్టండి. ఉష్ణోగ్రత ముల్లు మెల్లగా కదులుతోందా, లేక స్టార్ట్ అవగానే వెళ్లి ఒక చోట కూర్చుందా? తయారుచేసినవాళ్లు ఇచ్చిన అప్‌డేట్ల జాబితా కూడా చదవండి. అందులో కొత్త రంగులే ఉంటే ఒక రకం మనుషులు. "కూలెంట్ ఉష్ణోగ్రత సరిచేశాం, బ్రేక్ గాలి ఒత్తిడి సరిచేశాం" అని ఉంటే ఇంకో రకం. నా డబ్బు రెండో రకానికే వెళ్తుంది.

నేల మీద పరీక్ష

ఎగరాలని తొందర ఉంటుంది, నాకూ ఉంటుంది. అయినా మొదటి గంట నేల మీదే గడపండి. తేలికగా చేసిన యాడాన్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే.

స్పిట్‌ఫైర్ మార్క్ 9నే తీసుకుందాం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ప్రైమర్ కొట్టకుండా స్టార్టర్ నొక్కండి. వెంటనే పట్టేస్తే అనుమానించండి. ప్రైమర్ సరిగ్గా కొడితే దగ్గుతూ, ఎగ్జాస్ట్‌లోంచి పొగ వదులుతూ పట్టుకోవాలి. ఇప్పుడు ముందుకి చూడండి, మీకు రన్‌వే కనపడకూడదు. పొడవైన ముక్కు అడ్డు. పాములా అటు ఇటు తిప్పుకుంటూ టాక్సీ చేయాలి, అంటే నేల మీద నడపాలి.

బ్రేక్ దగ్గర ఆగి బాగా గమనించండి. ఈ విమానంలో పెడళ్ల మీద బ్రేకులు లేవు. స్టిక్ పైన గుండ్రటి పిడికి ఒక మీట ఉంటుంది, సైకిల్ బ్రేక్‌లా. అది నొక్కుతూ రడ్డర్ ఏ వైపు తొక్కితే ఆ వైపు చక్రం ఎక్కువ పట్టుకుంటుంది. బ్రేకులు పనిచేసేది సిలిండర్‌లో దాచిన గాలితో. కాక్‌పిట్‌లో దానికో గేజ్ ఉంటుంది. టాక్సీ చేస్తూ మాటిమాటికీ బ్రేక్ నొక్కి ఆ ముల్లు చూడండి. గాలి తగ్గుతూ పోవాలి. తగ్గీ తగ్గీ ఒక దశలో బ్రేకులు పట్టడం మానేయాలి. ఫ్లాప్స్‌కీ ఆ గాలే కాబట్టి వాటి మీదా దెబ్బ పడాలి. ఎంత నొక్కినా ముల్లు కదలకుండా ఉంటే, ఆ గేజ్ వట్టి బొమ్మ. ఒక గేజ్ బొమ్మ అయితే మిగతావాటి సంగతి కూడా అనుమానమే.

చివరగా, ఇంజిన్ నడుస్తుండగా కదలకుండా నిలబడి కూలెంట్ ముల్లు చూడండి. రేడియేటర్లు రెక్కల కింద ఉన్నాయి, ఎగురుతుంటే తప్ప వాటికి చాలినంత గాలి తగలదు. మన ఎండలో పదిహేను నిమిషాలు నిలబెడితే ముల్లు పైకి పాకి తీరాలి. సిమ్‌లో మే నెల మధ్యాహ్నం పెట్టి చూడండి, తేడా బాగా తెలుస్తుంది.

మిగ్-21 లాంటి జెట్‌కి పరీక్ష వేరు. ఇక్కడే పెదనాన్న. ఒకసారి ఒక తేలిక యాడాన్‌లో ఇంజిన్ స్టార్ట్ చేసి హెడ్‌ఫోన్ ఆయన చెవులకి పెట్టాను. కళ్లు మూసుకుని విన్నారు. "ఏట్రా ఇది, స్విచ్చెయ్యగానే లేచిపోయింది? అంత పెద్ద రోటరు, దానికి బరువుండదా?" అన్నారు. అంతే, తీర్పు అయిపోయింది. జెట్ ఇంజిన్‌లో తిరిగే భాగాలకి బరువుంది. ఆర్‌పీఎం మెల్లగా మొదలై, ఒక దశ దాటాక ఊపందుకుంటుంది. ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత ఒక్కసారి పైకెగిరి తర్వాత దిగి నిలకడపడుతుంది. థ్రాటిల్ (ఇంజిన్ శక్తి పెంచే మీట) ఒక్కసారిగా తోస్తే ఇంజిన్ మీ చేతి వెనక ఆలస్యంగా రావాలి. డీసీఎస్ మిగ్-21బిస్ ట్రయల్ పెట్టినప్పుడు ఆయన మళ్లీ విన్నారు. ఈసారి ఏమీ అనలేదు, "ఇంకోసారి ఆపి ఎయ్యి" అన్నారు. మర్నాడు నేను అది కొన్నాను.

గాల్లో పరీక్ష

ఇక్కడ నాలుగు చాలు. స్పిట్‌ఫైర్‌లో చక్రాలు మడిచే మీట కుడివైపు ఉంటుంది, అంటే లేచిన వెంటనే పైలట్ స్టిక్‌ని ఎడమ చేతికి మార్చుకునేవాడు. కాక్‌పిట్‌లో ఆ మీట ఎటు ఉందో చూడండి. తర్వాత ఎత్తుకి వెళ్లి థ్రాటిల్ తగ్గించి స్టాల్ చేయండి, అంటే వేగం తగ్గి రెక్కలు విమానాన్ని మోయలేని స్థితికి తీసుకురండి. రెక్క మొదలు దగ్గర ముందు గాలి విడిపోతుంది కాబట్టి విమానం ముందే వణికి హెచ్చరించాలి. ఎలాంటి వణుకూ లేకుండా పడిపోతే తప్పు.

మూడోది వేగంగా డైవ్ చేసి పక్కకి దొర్లించడం. వేగం పెరిగేకొద్దీ అయిలరాన్లు (విమానాన్ని దొర్లించే, రెక్కల మీది పలకలు) బరువెక్కి దొర్లడం మందగించాలి. ముక్కుని ఎత్తి దించే ఎలివేటర్ మాత్రం చాలా సున్నితంగా ఉంటుంది.

నాలుగోది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. మార్క్ 1 స్పిట్‌ఫైర్, తొలి హరికేన్ కొంటుంటే స్టిక్ ఒక్కసారిగా ముందుకి తోయండి. ఇంజిన్ దగ్గి క్షణం ఆగాలి. ఆ కార్బురేటర్ తొట్టిలో పెట్రోల్ పైకి తేలిపోవడం వల్ల అసలు విమానాల్లో అలా జరిగేది. జర్మన్ బీఎఫ్ 109లో ఇంధనం నేరుగా ఇంజెక్ట్ అయ్యేది కాబట్టి అది ముక్కు దించి తప్పించుకుపోయేది. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజినీరు చిన్న రంధ్రం ఉన్న లోహపు బిళ్ల ఒకటి తయారుచేసి ఆ ఇబ్బందిని చాలావరకు తగ్గించారు. మార్క్ 9లోని మెర్లిన్ 66కి కార్బురేటరే మారింది, అందులో ఈ దగ్గు రాకూడదు. రెండు మార్కుల్లోనూ ఇంజిన్ ఒకేలా ప్రవర్తిస్తే, వాళ్లు ఒకే ఇంజిన్‌ని రెండు చోట్ల అతికించారన్నమాట.

తప్పు యాడాన్‌దే అనేముందు

మీ జాయ్‌స్టిక్ చూసుకోండి. అసలు విమానంలో స్టిక్ పొడవు, మన టేబుల్ మీది స్టిక్ పొట్టి. స్పిట్‌ఫైర్ ఎలివేటర్‌కి సెట్టింగ్స్‌లో కర్వ్ (స్టిక్ చిన్న కదలికలని మెత్తబరిచేది) పెట్టకపోతే విమానం గంతులేస్తుంది, అది విమానం తప్పు కాదు. రడ్డర్ కోసం కనీసం మెలితిప్పే జాయ్‌స్టిక్ ఉండాలి. కీబోర్డుతో పాతకాలపు టేకాఫ్ చేయడం అయ్యే పని కాదు. డబ్బు పరిమితంగా ఉంటే రెండో విమానం కొనకండి, దానికి బదులు పెడళ్లు కొనండి. సిమ్‌లో "ఆటో రడ్డర్", "టేకాఫ్ అసిస్ట్" లాంటివి ఆఫ్ చేశారో లేదో కూడా చూడండి. అవి ఆన్‌లో ఉంటే ఎంత మంచి యాడాన్ అయినా బొమ్మలాగే నడుస్తుంది.

పరీక్షలన్నీ పాసైన విమానంతో మొదటి ప్రయాణానికి మీకో దారి చెప్తాను, మైక్రోసాఫ్ట్ సిమ్‌లోనైనా, ఎక్స్-ప్లేన్ అనే ఇంకో సిమ్‌లోనైనా. జీపీఎస్ ఆపేయండి. విశాఖలో లేచి కొత్తవలస దగ్గర కిరండూల్ రైలు పట్టాలు పట్టుకోండి. శృంగవరపుకోట దాటాక కొండలు మొదలవుతాయి, బొర్రా, అరకు మీదుగా పట్టాల వెంటే ఎక్కండి. బూస్ట్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి), ఆర్‌పీఎం, కూలెంట్ మూడింటినీ చూసుకుంటూ ఉండండి. కోరాపుట్ దగ్గరపడుతుంటే కుడివైపు 1,672 మీటర్ల దేవమాలి కనపడుతుంది, దానికి ఇవతలే సునాబేడా. కోరాపుట్ దాటాక కొలాబ్ జలాశయం, ఆ తర్వాత జయపురం. మీ సిమ్‌లో జయపురం రన్‌వే ఉందో లేదో బయల్దేరేముందే చూసుకోండి. ఉంటే, చిన్న రన్‌వే అని గుర్తుపెట్టుకుని ఫ్లాప్స్ పూర్తిగా దించి, ముక్కు అడ్డు రాకుండా వంపుగా తిరుగుతూ దిగండి. బ్రేక్ గాలి ఎంత మిగిలిందో దిగేముందు ఒకసారి చూడండి.